పట్టిక ముందు పిల్లల చేతికివ్వు

రాజమహేంద్రవరం

అమ్మడూ,

నువ్వు ఫోన్లో పంపిన రూబ్రిక్ పట్టిక, అదే ఏ స్థాయి పనికి ఏ మార్కో చెప్పే పట్టిక, నిదానంగా చదివాను. 8వ తరగతి పిల్లలు పొందూరు వెళ్ళి, నూలు వడికేవాళ్ళతో, నేసేవాళ్ళతో మాట్లాడి నివేదిక రాయాలన్న నీ ప్రాజెక్టు నాకెంతో నచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే గైడు చూసి ఎత్తిరాసే అలవాటు మాన్పించి పిల్లల్ని జనం మధ్యకి పంపావు. మీ అమ్మతోనూ ఈ మాటే అన్నాను. పట్టిక సంగతి మాత్రం ఫోన్లో తేలేది కాదు. అందుకే ఉత్తరం.

నీ పట్టికలో ఎనిమిది అడ్డవరసలున్నాయి. పైన ‘చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, మెరుగుపడాలి’ అని నాలుగు స్థాయిలు పెట్టావు. గడుల్లోకి వస్తే మళ్ళీ అవే మాటలు. ఒక గడిలో ‘విషయాన్ని చాలా చక్కగా వివరించారు’, పక్క గడిలో ‘చక్కగా వివరించారు’, ఆ పక్కన ‘కొంతవరకు వివరించారు’. ఇది చదివిన పిల్లకి రేపు ఏం చేయాలో తెలుస్తుందా? నీకు మాత్రం, సాయంత్రం మొదటి పుస్తకం దిద్దేటప్పుడున్న ‘చక్కగా’ నలభయ్యో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అలాగే ఉంటుందా? ఇలా నింపిన పట్టికకీ ఊరికే 4, 3, 2, 1 అని అంకెలు వేయడానికీ తేడా లేదు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో చూపించడానికి పనికొస్తుంది, అంతే.

కాగితం మీద కంటికి ఏం కనిపిస్తుందో అది గడిలో రాయి. నీ మొదటి వరస ‘విషయ సేకరణ’నే తీసుకో. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు కదా. అక్కడికి వెళ్ళొచ్చిన పిల్ల ‘నేతపని చాలా గొప్పది, మనమందరం ఖాదీ ధరించాలి’ అని రాసిందనుకో. ఆ వాక్యం పొందూరు వెళ్ళకుండానే రాయొచ్చు. అది మొదటి స్థాయి: అందరికీ తెలిసిన మాటలే ఉన్నాయి, ఎవరితో మాట్లాడారో తెలియడం లేదు. ఇంకో పిల్లవాడు ఫలానా అవ్వతో మాట్లాడానని చెప్పి, చేప దవడ సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశాడు. అది రెండో స్థాయి: విన్న సంగతులున్నాయి గానీ పని ఎలా జరుగుతుందో చదివినవాళ్ళకి అర్థం కాదు. పత్తి దువ్వడం దగ్గర నుంచి మగ్గం మీదికి వెళ్ళేదాకా పనిముట్ల పేర్లతో సహా వరసగా రాస్తే అది మూడు. ఆ పైన ఒకరు చెప్పింది ఇంకొకర్ని అడిగి, ఇద్దరి మాటల్లో తేడా ఎక్కడుందో గమనించి, చేప దవడే ఎందుకు వాడతారో అడిగి తెలుసుకుని రాస్తే నాలుగు. చూశావా, ఇందులో ‘చాలా’ లేదు, ‘చక్కగా’ లేదు. రెండో స్థాయిలో ఉన్న పిల్లవాడికి మూడో గడి చదివితే చాలు, తను ఇంకేం అడిగి రావాలో తెలిసిపోతుంది.

గడుల్లో రాసే మాటలు మనసులోంచి ఊడిపడవు. నిరుడు ఆ బడిలో రాసిన నివేదికలు బీరువాలో ఉంటాయి. లేకపోతే పక్క బడి తెలుగు మేడమ్‌ని అడుగు. ఓ పదిహేను తెచ్చుకుని మార్కుల ఊసు లేకుండా చదువు. బాగున్నవి ఒకవైపు, ఓ మోస్తరువి ఒకవైపు, అందనివి ఒకవైపు పెట్టు. అప్పుడు ఒక్కోటీ చేతిలోకి తీసుకుని ‘ఇది ఇక్కడెందుకు పెట్టాను?’ అని నిన్ను నువ్వు అడిగి, వచ్చిన జవాబు రాసుకో. ఆ జవాబులే నీ పట్టిక. ఎనిమిది వరసలు మిగలవు, నాలుగో ఐదో తేలతాయి. చివరికి ఒక్కో స్థాయికి ఒక నివేదిక ఎంచి, పేరు చెరిపేసి, పట్టికతో పాటు పిల్లలకి చూపించు. జాకెట్టు కుట్టమని టైలరుకి గుడ్డ ఇస్తూ ఎన్ని కొలతలు నోటితో చెప్పినా, ఆది జాకెట్టు ఒకటి చేతిలో పెడితేనే కదా అతనికి ధైర్యం! పిల్లలకీ అంతే.

ఆమధ్య మన తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘నేనివి చేయగలనా?’ అని ఒక పట్టిక, పక్కన ‘అవును, కాదు’ అని గడులు ఉండేవి. ఉద్దేశం మంచిదే. కానీ చాలామంది పిల్లలు పై నుంచి కింది దాకా ‘అవును’కే టిక్కు పెట్టేసేవారు. అది పిల్లల తప్పని నేను ఒప్పుకోను. ‘సొంతమాటల్లో రాయగలను’ అంటే ఎంత రాస్తే రాయగలిగినట్టో వాళ్ళకెవరూ చూపించలేదు.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. నివేదికలు వచ్చాక దిద్దుకోవడానికి పట్టిక తయారుచేస్తున్నానని రాశావు. అలా చేయకు తల్లీ. పిల్లలు పొందూరు బస్సెక్కకముందే అది వాళ్ళ చేతిలో ఉండాలి. నీ తరగతిలో అమ్మానాన్నా చదువుకున్న ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు కొద్దిమంది ఉంటారు. టీచరుకి ఏం కావాలో వాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. నివేదికంటే శీర్షిక ఉండాలని, పేరాలు విడగొట్టాలని, చివర తన అభిప్రాయం రాయాలని అక్కో ట్యూషన్ మాస్టారో చెప్తారు. మిగతా పిల్లల ఇళ్ళలో అది చెప్పే మనిషి లేడు. నాన్న వలసపోయి, అమ్మ కూలికి పోయే పిల్లకి నీ మనసులో ఉన్న కొలత ఎలా తెలుస్తుంది? తెలియని కొలతతో కొలిచి ‘నీకు 4 మార్కులే’ అంటే అది అన్యాయం. రూబ్రిక్‌ని నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఇదొక్కటే. టీచరు మనసులో ఉన్నది బల్ల మీద పెడితే, ఇంట్లో చెప్పేవాళ్ళు లేని పిల్ల కూడా అందరితో సమానంగా పని మొదలుపెడుతుంది. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం గురించి చెప్తూనే, చదువులో పిల్లలకి భయం ఉండకూడదని కూడా చెప్పింది. ఏం అడుగుతారో తెలియకపోవడాన్ని మించిన భయం బడిలో ఏముంది?

దిద్దేవాళ్ళ మనసులో కొలతలు ఎంత వేరుగా ఉంటాయో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1961లో అమెరికాలో పాల్ డీడరిక్, ఆయనతో ఉన్నవాళ్ళు 300 మంది కాలేజీ విద్యార్థుల వ్యాసాలు తీసుకుని 53 మంది చేత చదివించారు. వాళ్ళలో ఇంగ్లీషు పంతుళ్ళున్నారు, సైన్సు, సాంఘిక శాస్త్రాలు చెప్పేవాళ్ళున్నారు, రచయితలు, సంపాదకులు, లాయర్లు, వ్యాపారంలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. నియమాలేవీ పెట్టలేదు, తొమ్మిది శ్రేణుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళని వేయమన్నారు. 300లో 101 వ్యాసాలకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని శ్రేణులూ పడ్డాయి! అదే కాగితం ఒకరికి అన్నిటికన్నా గొప్పగా, ఇంకొకరికి అన్నిటికన్నా అధ్వానంగా కనిపించింది. వాళ్ళు రాసిన వ్యాఖ్యలు పరిశీలిస్తే, ఒక్కొక్కరూ ఒక్కోదాన్ని వెతుకుతున్నారని తేలింది. కొందరికి ఆలోచన ముఖ్యం, కొందరికి తప్పుల్లేకపోవడం, కొందరికి అమరిక, కొందరికి పదాల ఎంపిక, కొందరికి రాసినవాళ్ళ సొంత గొంతు. ఎవరిదీ పక్షపాతం కాదు. ఏది ఎంత ముఖ్యమో ముందుగా మాట్లాడుకోలేదు, అంతే. ఈనాడు మనం రాతపనికి వేసుకునే పట్టికల్లోని వరసలు చాలావరకు ఆ ఐదింటి చుట్టాలే.

అందుకే ఏది ఎంత ముఖ్యమో నువ్వే తేల్చాలి. నీ ప్రాజెక్టుకి పెట్టుకున్నవి 10 మార్కులు. నీ పట్టికలో ఎనిమిది వరసలకీ సమానంగా పంచావు. దానివల్ల అట్ట మీద బొమ్మలకీ, దస్తూరికీ, మార్జిన్లకీ కలిపి దాదాపు 4 మార్కులు పోతున్నాయి. రంగు స్కెచ్చులు కొనగలిగిన పిల్లకి లాభం, నలుగురితో మాట్లాడి వచ్చిన పిల్లకి నష్టం. నేనైతే సేకరించిన విషయానికి 4, తన సొంత ఆలోచనకి 3, అమరికకి 2, అక్షరదోషాలకి 1 ఇస్తాను. అట్టకి ఏమీ ఇవ్వను. నీకు వేరే లెక్క న్యాయమనిపిస్తే అలాగే చెయ్యి, కానీ ఆ లెక్క పిల్లలకి తెలియాలి. ‘కనీసం ఐదు ఫొటోలు, పది సామెతలు’ అన్న వరస మాత్రం కొట్టెయ్. అంకె పెడితే పిల్లలు అంకె నింపుతారు. ఆ వృత్తికి సంబంధం లేని సామెతలన్నీ వచ్చిపడతాయి.

భాష గురించి నువ్వు రాసుకున్న వరస చూసి కొంచెం బాధపడ్డాను. ‘మాండలిక పదాలు లేకుండా ప్రామాణిక భాషలో రాయాలి’ అన్నావు. మీరున్నది శ్రీకాకుళం జిల్లా. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన నేల. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం పరీక్ష పేపరు దాకా వచ్చిన సంగతి గుర్తు చేసుకో. 1912–13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని గ్రాంథికంలోనైనా వ్యావహారికంలోనైనా రాయొచ్చని ఉత్తర్వు వస్తే, గ్రాంథికవాదులు పెద్ద ఎత్తున ఎదిరించారు. ఆ వాదంలోనే గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాశారు. ఏ తెలుగుకి మార్కులివ్వాలన్నది అంత పెద్ద సంగతి అమ్మడూ. నీ పట్టికలో ఒక్క గడి ఆ తగవునంతా మళ్ళీ మొదలుపెడుతుంది. వడికే అవ్వ అన్న మాటని పిల్ల ఉన్నది ఉన్నట్టు రాస్తే అది తప్పు కాదు, సేకరణ. పనిముట్లకి ఆ ఊరివాళ్ళు వాడే పేర్లు రాస్తే మార్కులు కలపాలి, కొయ్యకూడదు. పిల్ల తను చెప్పే వాక్యాల్ని పత్రికల్లో కనిపించే తెలుగులో రాయడం నేర్చుకోవాలి, నిజమే. ఆ రెండూ వేరువేరుగా పట్టికలో కనబడేలా రాయి.

మార్కులు వేసే రోజు గురించి ఒకమాట. నివేదికలు దిద్ది తిరిగిచ్చేటప్పుడు మొదటి రోజు పట్టికలో గడులకి టిక్కులు పెట్టి, పక్కన ఒకటి రెండు వాక్యాలు రాసి ఇవ్వు. మార్కు వెయ్యకు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడిపిల్లలతో చేసిన అధ్యయనం 1988లో అచ్చయింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగైంది. మార్కూ వ్యాఖ్యా రెండూ అందుకున్నవాళ్ళకి ఆ మేలు జరగలేదు. మార్కు కనబడగానే కళ్ళు దాని మీదే ఉంటాయి, పక్కవాడికెన్నో చూసుకుని పుస్తకం సంచిలో పెట్టేస్తారు. ఇది నా తరగతుల్లోనూ చూశాను. ఓ నాలుగు రోజులు టైమిచ్చి, ఒక్క పేరా అయినా తిరగరాయించి, అప్పుడు రిజిస్టరులో మార్కు ఎక్కించు. మార్కులు తొందరగా ఆన్‌లైన్లో పెట్టమని పైనుంచి ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు. అందుకే ప్రాజెక్టు వారం ముందు మొదలుపెట్టు.

పిల్లలు ఒకరి నివేదిక ఒకరు దిద్దుకోవడం కూడా పెట్టు. మొదట్లో స్నేహితులకి అన్నీ నాలుగులే వేస్తారు. ‘నాలుగు వేశావు కదా, ఏ వాక్యం చూసి?’ అని అడుగుతూ ఉండు, దారికి వస్తారు.

ఎంత జాగ్రత్తగా రాసినా, పట్టికకి అందని పిల్ల ఒకతె తప్పకుండా ఉంటుంది. నివేదిక రాయమంటే ఆ అవ్వకీ తనకీ జరిగిన సంభాషణ మొత్తం నాటకంలా రాసుకొస్తుంది. ‘పేరా విభజన’ వరసలో ఆ పిల్లకి సున్నా. చదువుతుంటే మాత్రం నీ కళ్ళు చెమరుస్తాయి. అప్పుడు పట్టిక పక్కన పెట్టి నీ చదువరి మనసు చెప్పినట్టు మార్కు వెయ్యి. ఎందుకు వేశావో తరగతి అందరి ముందూ చెప్పు. వచ్చే ఏడు ఆ పిల్ల రాసిన దానికి పట్టికలో చోటు కల్పించు. ప్రతి చిన్న పనికీ పట్టిక వెయ్యాలని కూడా లేదు. స్లిప్ టెస్టుకి జవాబుల కీ చాలు. తరగతిలో నోరు విప్పి మాట్లాడిన పిల్లకి నీ చూపు చాలు. ప్రాజెక్టు, ప్రసంగం, కథ, లేఖ లాంటి పెద్ద పనులకే ఈ శ్రమంతా.

ఈ ఆదివారం కూర్చుని పట్టికని నాలుగు వరసలకి కుదించి పంపు. దాన్ని నీ తరగతిలో అందరికన్నా వెనకబడిన పిల్ల చేత ఒకసారి పైకి చదివించు. ఏ గడి దగ్గర ఆగిపోతుందో అది తిరగరాయాలి. మీ బడిలో ఇంకో తెలుగు టీచరు ఉన్నారన్నావు కదా, ఇద్దరూ ఒకే ఐదు నివేదికలు విడివిడిగా దిద్ది చూసుకోండి. ఎక్కడ రెండు స్థాయిల తేడా వస్తే అక్కడ మాటలు సరిగ్గా లేనట్టు లెక్క. దసరా సెలవులకి వచ్చేటప్పుడు ఆ ఐదూ నాకూ తీసుకురా, మార్కులు కనబడకుండా. నేనూ దిద్దుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ