జీవక్రియా మార్గాల బోధనలో అంచెలవారీ యానిమేషన్ స్లైడ్లు: ముంపు వరి ఉదాహరణగా గ్లైకాలిసిస్ పాఠం

ఉపోద్ఘాతం

వంశధార, నాగావళి నదుల వెంట ఉన్న పల్లపు భూములలో ఖరీఫ్ వరి ముంపునకు గురికావడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులకు తెలిసిన కష్టమే. నీట మునిగిన పైరు కొద్ది రోజులలోనే ఎందుకు చనిపోతుందనే ప్రశ్నకు సమాధానంలో ముఖ్యభాగం గ్లైకాలిసిస్ పాఠంలోనే ఉన్నది. అయినను పది చర్యలను, పది ఎంజైములను కంఠస్థం చేసిన విద్యార్థి సైతం మడి గట్టున నిలిచి ఆ సమాధానం చెప్పలేకపోవచ్చును. మార్గమంతటినీ ఒకే పటంగా ఒక్కసారి చూపడం ఇందుకు ఒక కారణం. నైరా వ్యవసాయ కళాశాల వంటి చోట చదివే విద్యార్థులకు ముంపు వరి కంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

స్లైడ్ల నిర్మాణం

పాఠాన్ని చిన్న ఖండాలుగా విభజించి, ముందుకు సాగే వేగాన్ని అభ్యాసకుని చేతిలో ఉంచినచో అవగాహన మెరుగవుతుందని రిచర్డ్ మేయర్, పాల్ చాండ్లర్ 2001లో ప్రచురించిన పరిశోధన తెలుపుతున్నది. దీని ననుసరించి నాలుగు నియమాలు పాటించవచ్చును.

1. ఒక క్లిక్కుకు ఒకే చర్య కనిపించాలి.
2. కొత్త చర్య రంగులోను, గడచిన చర్యలు లేత బూడిద రంగులోను ఉండాలి.
3. స్లైడ్ మూలన ఏటీపీ జమాఖర్చు ఎల్లప్పుడు కనిపించాలి.
4. క్లిక్ చేయుటకు ముందే తరువాతి ఫలితమేమిటని విద్యార్థులను అడగాలి.

పాఠక్రమం

1వ, 3వ అంచెలలో ఒక్కొక్క ఏటీపీ ఖర్చు కాగా ఖాతా −2 చూపుతుంది. 4వ అంచెలో ఆరు కార్బన్ల చక్కెర రెండు మూడు కార్బన్ల అణువులుగా చీలుతుంది. 6వ అంచె నుండి ప్రతి చర్యను రెండుసార్లు లెక్కించవలసి ఉంటుంది. విద్యార్థులు తడబడే స్థలమిదే గనుక ఇక్కడ తెరపై రెండు సమాంతర మార్గాలను చూపడం మేలు. 6వ అంచెలో రెండు ఎన్‌ఏడీ అణువులు ఎన్‌ఏడీహెచ్‌గా మారుతాయి. 7వ, 10వ అంచెలలో రెండేసి ఏటీపీలు జమ అవుతాయి. నికర లాభం 2. ఈ ఖాతాలోని నాణెమైన ఏటీపీని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

తరువాతి స్లైడ్‌లో మార్గం రెండుగా చీలాలి. ఆక్సిజన్ ఉన్నచో పైరూవేట్ మైటోకాండ్రియాలో ప్రవేశించి, ఒక గ్లూకోజ్‌కు మొత్తం 30–32 ఏటీపీలు లభిస్తాయి. మడి మునిగి ఆక్సిజన్ కొరవడినచో ఎన్‌ఏడీహెచ్ ఆ దారిన తిరిగి ఎన్‌ఏడీగా మారజాలదు. ఎన్‌ఏడీ తరిగిపోయినచో ఏ అంచె ఆగిపోతుంది? ఈ ప్రశ్నకు 6వ అంచె అని విద్యార్థులే చెప్పాలి. అప్పుడు మాత్రమే పైరూవేట్ అసిటాల్డిహైడ్‌గా, ఆపై ఇథనాల్‌గా మారే చర్యలను చూపాలి. ఇవి కొత్త ఏటీపీని ఇవ్వవు. ఎన్‌ఏడీని తిరిగి ఇస్తాయి. అదే శక్తికి సుమారు పదిహేను రెట్లు చక్కెర కావలసి వస్తుంది. బురద నీటిలో వెలుతురు తగ్గి కిరణజన్య సంయోగక్రియ కూడ మందగించును గనుక మొక్కలోని నిల్వలు త్వరగా తరిగిపోతాయి.

చివరి స్లైడ్ ఖర్చు వైపునకు సంబంధించినది. మారుటేరులో రూపొందిన స్వర్ణ (ఎంటీయూ 7029) వరి ముంపులో కాండాన్ని, ఆకులను సాగదీస్తూ నిల్వలను వ్యయం చేస్తుంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఏ వరి నుండి సబ్1 జన్యుభాగాన్ని చేర్చగా వచ్చిన స్వర్ణ సబ్-1 భారతదేశంలో 2009లో విడుదలయినది. సబ్1ఏ జన్యువు ఆ సాగుదలను అణచి నిల్వలను పొదుపు చేయుటచే మొక్క సుమారు రెండు వారాల ముంపును తట్టుకోగలదు. ఇక్కడ ఆదాయం పెరగలేదు, ఖర్చు తగ్గినది.

జాగ్రత్తలు

కదిలే బొమ్మ చూచిన విద్యార్థి తనకు అర్థమైనదని భ్రమపడే అవకాశం ఉన్నది. అందుచే పాఠం ముగియగానే తెర ఆపి, తెల్ల కాగితంపై మార్గాన్ని, జమాఖర్చును గీయించాలి. ఎగిరి వచ్చే అక్షరాలు, శబ్దాలు, తమంతట తాము సాగే స్లైడ్లు వర్జనీయాలు. విద్యుత్తు లేని రోజున నల్లబల్లపై ఇదే క్రమంలో ఒక్కొక్క చర్యను వ్రాసినను పాఠం కుంటుపడదు.

ముగింపు

యానిమేషన్ విలువ కదలికలో గాక, ప్రతి అంచె వద్ద ఆగి ఆలోచింపజేయుటలో ఉన్నది. మునిగిన మడి నుండి నీటిని త్వరగా ఎందుకు తీయాలో రైతుకు కారణంతో చెప్పగలిగిన నాడు విద్యార్థికి గ్లైకాలిసిస్ వచ్చినట్లు.