సానరాతి వేడి

కారెంపూడి గ్రామమున నాగులేటి యొడ్డున పల్నాటి వీరుల గుడి కలదు. 12వ శతాబ్దిలో జరిగిన పల్నాటి యుద్ధమున పోరాడిన వీరుల యాయుధములని చెప్పబడు కొణతములను, ఏటేట కార్తికమాసాంతమున ప్రారంభమగు ఉత్సవములలో జనులు పూజింతురు. ఆ యాయుధములకు కావలసినది భక్తియే. వాని పదును నెవరును పరీక్షింపరు. కొడవలి సంగతి వేఱు. కోతయంత్రము దిగలేని చిన్న చెక్కలలో పైరు నేటికిని కొడవలితోనే కోయవలయును. దాని యంచు మొద్దువాఱినచో ఆ దినపు పని కుంటువడును, కూలియు తగ్గును.

కొడవలి పుట్టుక కొలిమిలో. కమ్మరి పాత లారీ కమానుబద్దను తెచ్చి, ఎఱ్ఱగా కాచి, సాగగొట్టి, ఆ వేడిమీదనే నీట ముంచును. అంతట ఉక్కు మిక్కిలి గట్టిపడును గాని, గాజువలె పెళుసుబాఱును. ఆ పెళుసుదనమును పోగొట్టుటకు దానిని మరల సన్నని వేడిమీద కాచును. తోమిన ఉక్కుపై అప్పుడు రంగులు ప్రాకును. సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడు కడ లేత పసుపు, 280 కడ ఊదా, 300 కడ నీలము. రంగు ముదిరిన కొలది ఉక్కు మెత్తబడును. తగిన రంగు వచ్చిన క్షణముననే ఆపుట కమ్మరి నేర్పు. అతని చేత ఉష్ణమాపకము లేదు, కన్నే మాపకము.

ఇంత శ్రమపడి సాధించిన గట్టిదనము సానపట్టునపుడు పోవచ్చును. పూర్వము సానరాతిని చేతితో మెల్లగా త్రిప్పి, నీరు చిలుకరించుచు పదును పెట్టెడివారు. గంటల పని. నేడు పట్టణములలో మోటారుతో తిరుగు రాతికి ఆనించినచో నిప్పురవ్వలు చిమ్మి, నిమిషములో అంచు తళతళలాడును. కాని కొన్నిమార్లు అట్టి కొడవలి రెండు పూటలైన కోయదు. అంచు వంగును, మరల సానపట్టినను మరల వంగును. రైతు ఇనుమును నిందించును, కమ్మరి సానవానిని నిందించును. కొడవలి కొనవద్ద నీలపు మచ్చయున్నచో కమ్మరి మాటయే నిజము.

ఆ వేడి యెక్కడిది? ఉష్ణము లోహములో దాగియుండు ఒక సూక్ష్మద్రవమని ఐరోపా పండితులు చాలకాలము నమ్మిరి. జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఫిరంగులు తొలిపించు పనిని పర్యవేక్షించుచుండిన కౌంట్ రంఫర్డ్ ఈ నమ్మకమును శంకించెను. అతడు కావలెననియే మొద్దు తొలిపిడి నొకదానిని తీసికొని, ఫిరంగి లోహమును నీటితొట్టిలో నుంచి, గుర్రాల బలముతో త్రిప్పించెను. రెండున్నర గంటలకు నిప్పు లేకయే నీరు తెరలెను. చుట్టునున్నవారు అబ్బురపడిరి. త్రిప్పినంత కాలము వేడి పుట్టుచునే యుండెను; తరుగలేదు. లోహములో దాగిన సరకైనచో ఎప్పుడైన తరుగవలయును గదా! ఉష్ణము చలనమునుండి పుట్టునదేయని అతడు 1798లో ప్రకటించెను. ఎంత పనికి ఎంత ఉష్ణమో తరువాతి శతాబ్దిలో ఇంగ్లండు దేశీయుడగు జౌల్ కొలిచెను.

ఈ యెఱుకతో సానరాతి వేడిని కాగితముమీదనే లెక్కింపవచ్చును. కొడవలిని రాతికి 20 న్యూటన్ల బలముతో, అనగా సుమారు 2 కిలోల బరువు మోపినట్లు, నొక్కిరనుకొనుడు. ఘర్షణ గుణకము 0.5 అయినచో రాపిడి బలము 10 న్యూటన్లు. 15 సెంటీమీటర్ల వ్యాసముగల రాయి నిమిషమునకు 2,800 మార్లు తిరిగినచో దాని అంచు సెకనుకు 22 మీటర్లు పరుగెత్తును. బలమును వేగముతో హెచ్చింపగా 220 వాట్లు. అందు సగము రాతితోను రవ్వలతోను పోయినదనుకొన్నను, 110 వాట్లు ఉక్కులోనికి దిగును. రాతికి తగిలిన చోట 2 గ్రాముల ఉక్కు కలదనుకొనుడు. ఒక గ్రాము ఉక్కును ఒక డిగ్రీ వేడి చేయుటకు 0.46 జౌళ్లు చాలును. కావున ఆ చోటు సెకనుకు సుమారు 120 డిగ్రీలు వేడెక్కవలయును. ఎండకు పేరుపడిన రెంటచింతలలో వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీలతో ప్రారంభించిన కొడవలి రెండు సెకన్లలో 280 డిగ్రీలకు చేరును! నీలము కనుచూపు మేరలోనే యున్నది.

అదే బలముతో చేతిరాతిని చూడుడు. 30 సెంటీమీటర్ల రాయి నిమిషమునకు 60 మార్లు తిరిగినచో పుట్టునది 10 వాట్లకు తక్కువ. ఆ కొద్ది వేడియు ప్రక్కలకు ప్రాకును, నీటిలో కలియును. తాతల నిదానమునకు ఈ లాభము కలదని వారు లెక్కవేసి యెఱుగరు. చేతి బలము చాలక నిదానించిరి, అంతియే.

పై లెక్కలో లోపములు లేకపోలేదు. వేడి ఒకచోట నిలువక ఉక్కులో ప్రాకునను మాటను అది లెక్కింపలేదు. అందువలన నిజముకంటె ఎక్కువ చెప్పుచున్నది. కాగితము వలె పలుచనైన అంచున 2 గ్రాములైన ఉండదను మాటను మఱచినది. అందువలన తక్కువ చెప్పుచున్నది. ఉష్ణము లోహములో ప్రాకు తీరును ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఫూరియే 1822లో సమీకరణముగా వ్రాసెను. కదలుచున్న రాపిడి చోట ఉష్ణమెట్లు వ్యాపించునో ఆస్ట్రేలియా గణితజ్ఞుడు జేగర్ 1942లో గణించెను. నేడు గణన యంత్రములు లోహమును వేలకొలది చిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి వచ్చు వేడిని, పోవు వేడిని కూడి తీసివేయుచుండును. కొడవలికి వేసిన లెక్కయే అక్కడ వేలమార్లు జరుగునన్నమాట.

కొడవలికి శత్రువైన ఈ వేడినే కొందఱు పనికి పెట్టుకొనిరి. 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి చెంతనున్న వెల్డింగు పరిశోధన సంస్థలో, రెండు అల్యూమినియము పలకల అంచుల నడుమ గట్టి పిడిని గిరగిర త్రిప్పుచు నడిపి అతుకువేయు పద్ధతిని కనుగొనిరి. అల్యూమినియము 660 డిగ్రీలకు కరగును; ఇందు అది కరుగకయే, కలిపిన పిండివలె మెత్తబడి ఒండొంటితో కలియును. రాకెట్ల ఇంధనపు తొట్లను ఇట్లు అతుకుచున్నారు. వేడి చాలనిచో అతుకులోపల సొరంగమువంటి బోలు మిగులును. మించినచో చుట్టునున్న లోహము బలహీనమగును. పిడి క్రింది భాగము కంటికి కనబడదు గనుక, అచ్చటి వేడిని గణించియే తెలిసికొనవలయును. 1963లో హైదరాబాదున స్థాపింపబడిన రక్షణ లోహ పరిశోధనశాలలోను రాపిడితో లోహముల నతుకు విద్యపై కృషి జరిగినది.

ఇక నీలమెక్కిన కొడవలి. పై రంగును ఇసుకకాగితముతో రుద్దినచో అది మాయమగును, కాని అడుగున మెత్తబడిన ఉక్కు అట్లే యుండును. మచ్చ లోతు తక్కువైనచో, ఆ భాగమంతయు పోవువఱకు తడిరాతిపై మెల్లగా అరుగదీయవచ్చును. రాతికి ఆనించిన ప్రతి సెకనుకు తరువాత ఒకమారు నీట ముంచవలయును. లోతు ఎక్కువైనచో కమ్మరి దానిని మరల కొలిమిలో పెట్టును.