మీ ఫైళ్లకు రెండో నకలు ఉందా?



ఈ రాత్రి మీ ఇంట్లోని కంప్యూటర్ పాడైపోయిందనుకోండి. రేపు ఉదయానికి ఏమేమి పోతాయి? అమ్మాయి పెండ్లి ఫొటోలు, కీర్తిశేషులైన నాన్నగారి గొంతు రికార్డు చేసిన ఫైలు, పిల్లల చిన్ననాటి వీడియోలు. కంప్యూటరును మళ్లీ కొనవచ్చు. ఇవి మాత్రం ఏ దుకాణంలోనూ దొరకవు.

హార్డ్ డిస్క్ ఒక యంత్రం. దాని లోపలి పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతుంటాయి. తిరిగే యంత్రం ఏనాటికైనా అరగక తప్పదు. కొత్త రకం ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలు లేకపోయినా, అదీ ఒక్కోసారి ముందుగా చెప్పకుండానే ఆగిపోతుంది. అందుకే ఫైళ్లకు నకలు తీసి వేరే చోట దాచాలి. దీన్నే బ్యాకప్ అంటారు.

అయితే నకలు తీస్తే సరిపోతుందా? చాలదు. ఒక ఉదాహరణ చూద్దాం.

1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల చిత్రం తయారవుతోంది. ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క ఆదేశంతో చిత్రం ఫైళ్లు చాలా భాగం చెరిగిపోయాయి. "బ్యాకప్ ఉంది కదా!" అనుకున్నారు. తీరా చూస్తే, అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. చివరకు వారిని ఆదుకున్నది గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంట్లో ఉన్న నకలు. ఆమెకు పసిబిడ్డ ఉన్నందున ఇంటి నుండే పని చేసుకోవడానికి ఆ నకలు ఉంచుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా తెచ్చారు.

దీని నుండి మనం నేర్చుకోవలసినవి రెండు. ఒకటి: నకలు మరో చోట ఉండాలి. రెండు: తెరిచి చూడని నకలును నమ్మకూడదు.

నిపుణులు చెప్పే సూత్రం చాలా సులువు: 3-2-1. ఫైలుకు మొత్తం 3 ప్రతులు ఉండాలి. అవి 2 రకాల సాధనాలలో ఉండాలి. 1 ప్రతి ఇంటికి దూరంగా ఉండాలి. అంటే కంప్యూటరులో ఒకటి, విడిగా కొన్న హార్డ్ డిస్కులో ఒకటి, ఇంటర్నెట్ నిల్వలోనో, అన్నగారింట్లోనో మరొకటి. ఇంట్లో దొంగలు పడినా, వరద వచ్చినా మూడోది మిగులుతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. నకలు తీశాక ఆ డిస్కును కంప్యూటర్ నుండి విడదీయండి. 2017 మే నెలలో అనేక దేశాలను కుదిపిన 'వన్నాక్రై' వంటి వైరస్, తగిలించి ఉన్న డిస్కులోని ఫైళ్లకు కూడా తాళం వేయగలదు. అలాగే, ఫోనూ ఇంటర్నెట్ నిల్వా ఒకదానితో ఒకటి కలిసి ఉన్నప్పుడు, ఒకచోట చెరిపిన ఫొటో రెండోచోటా చెరిగిపోవచ్చు. కాబట్టి ఆ ఒక్కదాని మీదే ఆధారపడకండి.

ఈ వారం చేయవలసిన పని: పోతే మళ్లీ దొరకని ఫైళ్లన్నీ ఒక ఫోల్డరులో చేర్చండి. నకలు తీయండి. ఆ నకలు నుండి ఏదో ఒక ఫొటోను మరో కంప్యూటరులో తెరిచి చూడండి. ఇకమీదట నెలకొక రోజు దీనికి కేటాయించి, క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే ఆ బాధ్యత వారికే అప్పగించండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక గంట చాలు.