విద్యుత్ పొదుపు – నూతన ఉత్పత్తి: ఇంద్రావతీ తీరం నేర్పే పాఠం

ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి, బస్తర్ పీఠభూమిని తూర్పు నుండి పడమరకు తడుపుతూ, చిత్రకూట్ వద్ద జలపాతమై దూకి, తుదకు భద్రకాళి వద్ద గోదావరిలో కలిసే నది ఇంద్రావతి. పూర్వపు బస్తర్ జిల్లా వైశాల్యంలో కేరళ రాష్ట్రాన్ని మించినది. దాని దక్షిణ భాగాన భోపాలపట్నం, కోంటా ప్రాంతాలలో తెలుగు మాట నేటికీ వినవస్తుంది. కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఓరుగల్లు నుండి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించినట్లు చరిత్ర చెబుతున్నది. కావున ఇంద్రావతి కథ తెలుగు పాఠకులకు పరాయి కథ కాదు.

మన ఇళ్లలో విద్యుత్తును పొదుపు చేయడం మేలా, కొత్త విద్యుత్ కేంద్రాలను నిర్మించడం మేలా అన్న ప్రశ్న తరచుగా వింటాము. ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె, ఒక నది ఒడ్డున నిలబడి ఆలోచించుట మంచిది.

బోధ్‌ఘాట్ ప్రణాళిక

బారసూర్ సమీపంలో ఇంద్రావతిపై ఆనకట్ట కట్టి 500 మెగావాట్ల జలవిద్యుత్తును ఉత్పత్తి చేయాలని సంకల్పించారు. 1979లో నాటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. మరుసటి సంవత్సరమే అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1984లో ప్రపంచ బ్యాంకు రుణం మంజూరు చేసినా, అటవీ అనుమతి చిక్కుల వలన పనులు నిలిచిపోయాయి. ఆనకట్ట కట్టినచో 13,000 హెక్టార్లకు పైగా నేల, అందులో 5,000 హెక్టార్లకు మించిన అడవి, 40కి పైగా గ్రామాలు మునిగిపోవలసి ఉండెను. ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు ఏరుకొని జీవించే గిరిజనునికి అడవి కేవలం కలప కాదు. అది అతని ధాన్యపు గాదె, ఔషధశాల, దేవాలయం కూడా.

2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఈ ప్రణాళికను సాగునీటిని ప్రధానంగాను, విద్యుత్తును 125 మెగావాట్లకు తగ్గించియు తిరిగి ముందుకు తెచ్చింది. నదీతీర గ్రామాల ప్రజలు తమ అభ్యంతరాలను తెలిపారు. పొలానికి నీరు కావాలన్నది వేరు సమస్య. దానిని దీపాల పొదుపుతో తూచరాదు. మనం ఇక్కడ పరిశీలించదలచినది మొదటి ప్రణాళికలోని ఆ 500 మెగావాట్లను మాత్రమే.

ఒక చిన్న లెక్క

1000 వాట్ల సాధనం ఒక గంట పనిచేయగా ఖర్చయ్యే విద్యుత్తును ఒక యూనిట్ అంటారు. పాత తీగ బల్బు 60 వాట్లు తీసుకొని ఇచ్చే వెలుగును దాదాపుగా 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు ఇవ్వగలదు. అంటే బల్బు ఒక్కింటికి మిగులు 51 వాట్లు. ఒక కోటి పాత బల్బులను మార్చి, అవన్నీ ఒకే వేళ వెలుగుతున్నాయనుకొంటే, ఆ వేళ మిగులు 510 మెగావాట్లు. బోధ్‌ఘాట్ పూర్తి సామర్థ్యం 500 మెగావాట్లే కదా! దినమునకు అయిదు గంటల చొప్పున లెక్కించితే సంవత్సరానికి సుమారు 93 కోట్ల యూనిట్లు మిగులుతాయి.

అన్ని దీపాలు ఒకేసారి వెలగవన్నది నిజమే. కాని దీపాలు ఎక్కువగా వెలిగేది సాయంసమయముననే. విద్యుత్ కేంద్రాలపై ఒత్తిడి అధికమయ్యే వేళలలో అదియు ఒకటి. పైగా దూరపు కేంద్రం నుండి ఇంటికి చేరేలోగా తీగలలో కొంత విద్యుత్తు నష్టమవుతుంది. కాబట్టి ఇంటిలో మిగిల్చిన ఒక యూనిట్, కేంద్రంలో ఒక యూనిట్‌కంటె అధికమైన ఉత్పత్తిని తప్పిస్తుంది.

ఇది కాగితంపై లెక్క మాత్రమే కాదు. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం క్రింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఇడి బల్బులు పంపిణీ అయినాయి. 2014లో ప్రభుత్వ సంస్థ ఒక్కొక్క బల్బును 310 రూపాయలకు కొనగా, రెండేళ్లలో ఆ ధర 40 రూపాయల లోపునకు దిగింది.

కర్ణాటక అనుభవం

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు అమూల్య రెడ్డి ఈ విషయాన్ని ఒక రాష్ట్రం మొత్తానికి అన్వయించి చూపారు. 1987లో కర్ణాటకకు ఒక దీర్ఘకాలిక విద్యుత్ ప్రణాళిక తయారైంది. రెడ్డిగారు, వారి సహచరులు ప్రశ్ననే మార్చారు. ప్రజలకు కావలసినది యూనిట్లు కాదు. వెలుగు, నీరు, వంట, చల్లదనం. ఈ సేవలను తక్కువ విద్యుత్తుతో ఎట్లు అందించగలమని వారు లెక్కించారు. ఇల్లిల్లూ వెలిగించాలన్న లక్ష్యాన్ని విడువకుండానే, వారి ప్రణాళిక కోరిన విద్యుత్తు అధికారిక అంచనాలో సగానికంటె తక్కువ.

పొదుపు ఎవరిది?

ఇంతమాత్రాన కొత్త ఉత్పత్తి అనవసరమని తలచరాదు. తీగ చేరని ఇంటిని ఏ పొదుపూ వెలిగించలేదు. బస్తర్ అడవి పల్లెలలో ఒక దీపం, ఒక ఫ్యాను గల కుటుంబానికి “తగ్గించుకో” అని బోధించుట ధర్మం కాదు. అట్టి ఇంటికి కావలసినది మరింత విద్యుత్తు, మంచి పరికరం. తీగలు లాగుట కష్టమైన కొన్ని పల్లెలకు సూర్యఫలకాల ద్వారా వెలుగు అందించారు. అక్కడ 60 వాట్ల బల్బు ఒక్క దీపాన్ని వెలిగించేచోట, అదే విద్యుత్తు ఆరు ఎల్‌ఇడి దీపాలను వెలిగించగలదు. అంటే చిన్న ఫలకం సైతం ఇంటికి చాలుతుంది. ఈ విధంగా పొదుపు, కొత్త ఉత్పత్తి ఒకదానికొకటి తోడై నిలుస్తాయి.

తగ్గించుకోవలసిన భారం ఎక్కువగా వాడేవారిది. దేశపు విద్యుత్ వినియోగంలో సుమారు నాల్గవ వంతు గృహాలదే. సాధారణ సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకొనగా, నేటి మేలురకం ఫ్యాను 30 వాట్ల చుట్టుప్రక్కల సరిపెట్టుకొంటుంది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం, 2006లో మొదలైన నక్షత్రాల గుర్తు కొనుగోలుదారునికి దారి చూపుతున్నాయి. ఐనను చవకగా లభించిన వెలుగును వృథాగా వెలిగించి ఉంచితే, పరికరం మిగిల్చినది అలవాటు హరిస్తుంది.

బైలదిలా ఇనుప ఖనిజం కిరండూల్ నుండి కొత్తవలస రైలు మార్గం మీదుగా విశాఖపట్నం చేరుతున్నది. బస్తర్ గర్భంలోని సంపద మన తీరానికి వస్తున్నది. ఆ నేలకు మనం ఋణపడి ఉన్నాము. 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభ మాటకు విలువనిచ్చాయి. గ్రామసభను “మీ అడవిని ఇవ్వండి” అని అడుగుటకు ముందు, మన ఇళ్లలో మిగల్చగలిగినదంతా మిగిల్చామా అని మనలను మనం ప్రశ్నించుకొనుట న్యాయం.

విద్యార్థులు ఈ పాఠాన్ని తమ ఇంటి నుండే ప్రారంభింపవచ్చును. ప్రతి పరికరంపై వ్రాసిన వాట్లను, అది పనిచేసే గంటలతో గుణించి, 1000తో భాగించండి. వచ్చిన యూనిట్లను నెల బిల్లుతో సరిచూడండి. ఎక్కడ వృథా ఉన్నదో ఆ అంకెలే చెబుతాయి. ఆ వృథాకు మూల్యం మన బిల్లులో కొంతే కనిపిస్తుంది. మిగిలినది ఎక్కడో ఒక నదీతీర గ్రామం చెల్లించవలసి వస్తుంది.