కార్గిల్ పోస్టింగ్: సంతకం పెట్టే ముందు

కార్గిల్, ద్రాస్ పేర్లు మనలో చాలామందికి 1999 యుద్ధంతోనే తెలిశాయి. ఇప్పుడు అక్కడికి వెళ్లే దారిలో జోజిలా టన్నెల్ కడుతున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్. రోడ్లు, వంతెనలు, బ్యాంకు బ్రాంచీలు సరేసరి. అటువైపు ఆఫర్ వస్తే వెళ్లొద్దని చెప్పను. రెజ్యూమెకి అది బలమే. అయితే అక్కడి పనంతా సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న జోజిలా కనుమ తెరిచి ఉండే రోజుల మీదే నడుస్తుంది.

సైట్ ఇంజనీర్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. ఆగస్టులో రావాల్సిన సిమెంటు, అడ్మిక్చర్ అక్టోబరుకి వచ్చాయనుకోండి. టార్గెట్ ఒత్తిడితో సాయంత్రం స్లాబ్ పోసి, మీద టార్పాలిన్ కప్పి వెళ్లిపోతారు. రాత్రికి నీళ్లు గడ్డకడతాయి. తర్వాత గోరుతో గీకితే పైపొర పిండిలా రాలుతుంది. కొట్టేసి మళ్లీ పోయాలి, కానీ సీజన్ అయిపోయింది. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే తగ్గితే నీళ్లు వేడిచేయడం, స్లాబ్‌ని వెచ్చగా ఉంచడం తప్పదు. ఆ ఖర్చు ఎవరిదో ముందే మెయిల్‌లో తేల్చుకోండి. మెటీరియల్ ఆలస్యమైన ప్రతిసారీ అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి. నోటిమాటగా చెప్పింది రివ్యూ మీటింగ్‌లో ఎవరికీ గుర్తుండదు. డీజిల్ కూడా మామూలుది చలికి చిక్కబడి ఫిల్టర్ మూసుకుపోతుంది, వింటర్ గ్రేడ్ అడిగి తెప్పించుకోండి.

తవ్వకం పనిలో ఉన్నవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చదవండి. యుద్ధంలో పేలకుండా మిగిలిపోయిన షెల్స్ ఇంకా మట్టిలో ఉన్నాయి. 2023లో కుర్బతాంగ్ దగ్గర అలాంటిది పేలి ఒక బాలుడు చనిపోయాడు. జేసీబీ బకెట్‌కి తుప్పుపట్టిన ఇనుము తగిలితే మెషిన్ ఆపించి, అందర్నీ దూరంగా పంపి, పోలీసులకు చెప్పండి. పక్కకు జరిపి పని సాగించమని పైవాళ్లు ఎంత తొందరపెట్టినా వినకండి.

విమానంలో లేహ్‌లో దిగేవాళ్లు మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాల్సిందే. జాయినింగ్ తేదీని ఆ లెక్కతోనే అడగండి. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఆక్సిజన్ పెట్టించి, వెంటనే కిందికి దింపాలి.

బయటి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి. సైన్యం వాహనాలను, వంతెనలను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. కార్గిల్‌లో షియా ముస్లింలు ఎక్కువ. మొహర్రం, రంజాన్ రోజులు చూసుకుని లేబర్ షెడ్యూల్ వేయండి.

చలికాలంలో ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే కనుమ మూసుకున్నాక లేహ్‌కి వెళ్లి విమానం ఎక్కాల్సి రావచ్చు. ఎమర్జెన్సీ సెలవు, ఆ టికెట్ ఖర్చు, మెడికల్ ఇన్సూరెన్స్ ఈ మూడూ ఆఫర్ లెటర్‌లో లేకపోతే, చేర్పించుకున్నాకే సంతకం పెట్టండి.