పాత మిద్దె - కొత్త గది

భాషకు వలెనే ఇంటికీ ఒక చరిత్ర ఉంటుంది. కర్నూలు పాతబస్తీలోను, కడప పాత వీధులలోను నేటికీ నిలిచి ఉన్న రాతి మిద్దెలే ఇందుకు నిదర్శనం. వాటి భాగాల పేర్లలోనే రెండు భాషల పొత్తు కనిపిస్తుంది. గడప, దూలం, చవుడు అచ్చ తెలుగు మాటలు. కమాను, గచ్చు, దర్వాజా పారసీక మూలం కలిగి ఉర్దూ వెంట మన ఇండ్లలోకి వచ్చినవి. (గచ్చు తెలుగు మాట కాదంటే మా విద్యార్థులు ఒక పట్టాన నమ్మరు.)

అయితే ఈ మిద్దెలలో కాపురముండేవారి అవసరాలు మారినవి. కుటుంబం పెరిగినప్పుడు మరొక గది కావాలి. వృద్ధులు అర్ధరాత్రి పెరటిలోకి నడవలేరు కనుక స్నానాల గది ఇంటిని ఆనుకొని ఉండాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలును ముంచిన తరువాత, మేడమీద ఒక గది ఉండవలెనన్న కోరికను ఎవరు తప్పుపట్టగలరు? పాతది కనుక ముట్టరాదనడం వీధిలో నిలబడి చూసేవారికి సులభమే. మార్చుకొనడానికి వీలులేని ఇంటిని వారసులు అమ్ముకుంటారు, కొన్నవారు కూలగొడతారు.

కడపలో ఇందుకు ఒక ఉదాహరణ ఉన్నది. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి. పి. బ్రౌన్ తరువాత అక్కడ ఒక బంగళా కొని, పండితులను జీతమిచ్చి నియమించి, తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆ బంగళా కాలక్రమాన శిథిలమైనది. గత శతాబ్ది చివరి దశాబ్దాలలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి వంటివారి పట్టుదల వలన ఆ స్థలంలోనే గ్రంథాలయం వెలసింది. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన భాషా పరిశోధన కేంద్రం. మహత్కార్యమే, సందేహం లేదు. కాని కొత్త భవనం పాత బంగళా ప్రక్కన నిలువవలసింది. దాని స్థానంలో నిలిచింది. పండితులు కూర్చున్న గదులను మనం ఊహించుకొనవలసిందే.

ప్రక్కన నిలపడం ఎట్లా? ముందుగా మిద్దె స్వభావం తెలియాలి. రాయి, మట్టి అడుసుతో కట్టిన మందపు గోడలు, వాటిపై దూలాలు, దూలాలపై దంతెలు, ఆపైన బండలు లేక చెక్కలు, మట్టి, అన్నిటిపైన చవుడు. చవుడులోని ఉప్పు గుణం వలన బంకమట్టి రేణువులు తడిసినప్పుడు విడిపోయి సందులను పూడుస్తాయి, నీరు దిగదు. అందుకే వానకారుకు ముందు కొత్త చవుడు పోయడం ఆచారమైనది. మందపు గోడ పగటి వేడిని ఆలస్యంగా లోనికి పంపుతుంది. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో ఈ గుణం విలువ చెప్పనక్కరలేదు.

ఇట్టి గోడపై కాంక్రీటు కప్పు మోపడం అనర్థం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, అయిదంగుళాల మందం గల కప్పు ఒక్కటే మూడు టన్నులకు పైగా తూగుతుంది. గోడలకు సిమెంటు పూత పూయడం కూడ మేలు కాదు. మట్టిగోడ పీల్చిన చెమ్మ సున్నపు పూత గుండా ఆరిపోతుంది. సిమెంటు దానిని లోపలనే బంధిస్తుంది, కొన్నేళ్ళకు ఉప్పు పొంగి పెచ్చులూడుతుంది.

కనుక కొత్త గది తన స్తంభాలపై తానే నిలువవలెను. పాత పునాదికి ఆనుకొని అంతకంటె లోతుగా త్రవ్వరాదు. త్రవ్వితే పాత గోడ క్రిందికి జారుతుంది. కర్నూలు, నంద్యాల ప్రాంతాల నల్లరేగడి తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకొనే నేల. రెండు కట్టడాలు ఒకే తీరున కదలవు. రెండింటి నడుమ అంగుళం సందు విడిచి, పైన రేకుతో కప్పితే ఎవరి కదలిక వారిది. కలిపి కట్టితే మొదటి వానకారుకే బీట పడవచ్చును.

రూపం మాటకు వస్తే, కొత్త గదికి దొంగ కమానులు పెట్టించడం మాకు నచ్చదు. 1964లో వెనిస్ నగరంలో రూపొందిన అంతర్జాతీయ పత్రం కూడ పాత కట్టడానికి చేర్చినది తన కాలపు ముద్రతో వేరుగా తెలియాలని, పాతదాని సమతుల్యాన్ని చెరపరాదని చెప్పింది. వీధివైపు పాత ముఖం అట్లే ఉంచి, గదిని పెరటివైపు, మిద్దె ఎత్తుకు మించకుండ కట్టడం ఉత్తమం. వరదభయం వలన మేడ తప్పదనుకుంటే దానిని కూడ పెరటి స్తంభాలపైననే లేపాలి. ఆ కప్పు నీరు మాత్రం పాత చవుడుపై పడకుండ వేరే తూము పెట్టించి, పెరటిలోకి వదలవలెను.