ఉదయం లేవగానే తలనొప్పి: కారణం రాత్రిలో వెతకండి



"లేచేసరికే తల పట్టేసినట్టుంటుంది సిస్టర్. ఒక మాత్ర పడితే గాని పని మొదలవదు." ఓ.పి.లో బి.పి. చూసేటప్పుడు ఈ మాట మేము తరచుగా వింటాము. ఎన్నాళ్ళ నుండి అంటే "చాలా రోజులైంది" అంటారు. మాత్ర ఎవరు వ్రాశారు అంటే మెడికల్ షాపు వైపు చూపిస్తారు. అందుకే ఈ నెల ఆరోగ్య పాఠం దీని గురించి.

నిద్ర శరీరానికి విశ్రాంతి. విశ్రాంతి తీసుకున్న తల తరచుగా నొప్పితోనే లేస్తున్నదంటే, రాత్రి ఏమి జరుగుతున్నదో చూసుకోవాలి.

1. గురక

గురక పెడితే హాయిగా నిద్రపోతున్నారని మనవాళ్ళు అనుకుంటారు. గురక మధ్యలో ఆగిపోయి, కొన్ని సెకన్లు ఊపిరి ఆడక, ఉలిక్కిపడినట్టు మళ్ళీ మొదలైతే అది మంచి నిద్ర కాదు. గొంతులో గాలి దారి మూసుకుపోవడం వల్ల ఇలా జరుగుతుంది. దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, నిద్ర ముక్కలవుతుంది. వీరికి లేవగానే తలకు రెండు పక్కలా నొక్కినట్టు నొప్పి ఉండి, సాధారణంగా 4 గంటలలోపు తగ్గుతుంది. నోరు ఎండిపోవడం, పగలు కునుకు రావడం కూడా ఉంటాయి. బి.పి. పెరగడానికి ఇది ఒక కారణం. బండి నడిపేవారికి ఆ కునుకు ప్రాణాంతకం.

ఈ సంగతి నిద్రపోయేవారికి తెలియదు, పక్కన పడుకున్నవారే చెప్పాలి. కాబట్టి అమ్మలారా, ఒక రాత్రి గమనించి, డాక్టరు దగ్గరకు మీరు కూడా కలిసి రండి. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం, సొంతంగా నిద్రమాత్రలు వేసుకోకపోవడం మేలు చేస్తాయి. అవసరమైతే స్లీప్ స్టడీ అనే రాత్రి పరీక్ష చేసి, సీప్యాప్ యంత్రం పెట్టుకొని పడుకోమంటారు.

2. రోజూ నొప్పి మాత్ర

పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు నెలలో 15 రోజులు, ఆపైన, 3 నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెట్టవచ్చు. రెండు మూడు మందులు కలిపిన మాత్రలు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్, ఎర్గాట్ మాత్రలైతే నెలకు 10 రోజులే చాలు. రాత్రికి మందు దిగిపోతుంది, ఉదయం నొప్పి లేస్తుంది, మళ్ళీ మాత్ర. మానిన మొదటి రోజుల్లో నొప్పి ఎక్కువ కావచ్చు గనుక డాక్టరుకు చెప్పి మానండి. ఇది నొప్పి మాత్రల సంగతి మాత్రమే. బి.పి., షుగర్, గుండె మాత్రలు సొంతంగా ఆపవద్దు.

3. చాలని నిద్ర, మానిన భోజనం, ఎక్కువైన టీ

అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఈ మాట. పగలంతా నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చొని, రాత్రి భోజనం మానేసి, టీ మీద 2 గంటల వరకు మేలుకుంటే తల ఊరుకోదు. నిద్ర తక్కువైనా, సెలవు రోజున మరీ ఎక్కువైనా, ఆకలితో పడుకున్నా మైగ్రేన్ ఉన్నవారికి నొప్పి రావచ్చు. రోజూ చాలా టీలు, కాఫీలు తాగేవారికి రాత్రంతా కెఫీన్ లేక తెల్లవారేసరికి తల నొస్తుంది. కప్పు తాగగానే తగ్గితే అది కారణం కావచ్చు. ఒక్కసారిగా మానకుండా కొద్దికొద్దిగా తగ్గించండి. సాయంత్రం తరువాత వద్దు.

4. పళ్ళు కొరకడం

నిద్రలో పళ్ళు కొరికేవారికి లేవగానే కణతలు నొస్తాయి, దవడ బిగుసుకుంటుంది. పళ్ళ డాక్టరుకు చూపించండి.

5. షుగర్, బి.పి.

ఇన్సులిన్ గాని షుగర్ మాత్రలు గాని వాడేవారికి రాత్రి చెమటలు, పీడకలలు, ఉదయం తలనొప్పి ఉంటే, నిద్రలో షుగర్ పడిపోతున్నదేమో చూడాలి. తెల్లవారుజామున 3 గంటలకు గ్లూకోమీటరుతో చూసి, 70 కంటే తక్కువ ఉంటే వెంటనే గ్లూకోజు గాని పంచదార నీళ్ళు గాని తాగి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

తలనొప్పి వస్తే బి.పి. పెరిగిందని చాలామంది అనుకుంటారు. కొద్దిగా పెరిగిన బి.పి. సాధారణంగా తలనొప్పి తేదు. కాబట్టి నొప్పి లేదు గదా అని బి.పి. చూపించుకోవడం మానవద్దు.

6. ఇంటిల్లిపాదికీ తలనొప్పి

చలికాలంలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకుంటే వాసన లేని విషవాయువు చేరుతుంది. ఇంట్లో అందరూ తలనొప్పితో, వికారంతో లేస్తే తలుపులు తీసి, అందరినీ బయటకు తెచ్చి, 108కి ఫోన్ చేయండి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

- ఒక్కసారిగా, ఎన్నడూ లేనంత తీవ్రంగా వచ్చిన నొప్పి
- మూతి వంకర పోవడం, మాట తడబడడం, కాలు చెయ్యి పడిపోవడం, ఫిట్స్
- జ్వరంతో మెడ బిగుసుకోవడం
- తలకు దెబ్బ తగిలిన తరువాత నొప్పి
- గర్భిణీకి తలనొప్పితో చూపు మసకబారడం, ముఖం వాయడం
- బి.పి. 180/120 దాటి తలనొప్పి

వీటిలో ఏది కనబడినా 108 పిలవండి. ఉదయం నొప్పితో వాంతులు, రోజురోజుకూ పెరిగే నొప్పి, 50 ఏళ్ళు దాటాక కొత్తగా వచ్చిన నొప్పి, పిల్లల్లో ఉదయం తలనొప్పి ఉంటే ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

ఇంటి పని

ఒక చిన్న పుస్తకంలో 14 రోజులు ఇవి వ్రాయండి: పడుకున్న వేళ, లేచిన వేళ, గురక ఆగి మొదలైందా, రాత్రి ఏమి తిన్నారు, ఎన్ని టీలు, ఏ మాత్ర, నొప్పి ఎక్కడ, ఎంతసేపు. ఆ పుస్తకం, మీరు వాడే మాత్రల అట్టలు తీసుకొని ఓ.పి.కి రండి. సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

ఏలీయా ప్రవక్త అలసిపోయి బదరీవృక్షము క్రింద పడుకొని, ఇక చాలు, చనిపోతే బాగుండును అని కోరుకున్న సంగతి మొదటి రాజులు 19వ అధ్యాయములో ఉంది. దేవదూత అతనికి ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చాడు. ప్రయాణం సంగతి ఆ తరువాతే. నిద్రను, భోజనాన్ని దేవుడు చిన్న సంగతులుగా ఎంచలేదు. మనమూ ఎంచవద్దు. మీకందరికీ నెమ్మదియైన నిద్ర కలుగునట్లు ప్రార్థిస్తున్నాము.